చందుర్తి యుద్ధం, 1758: ఆరడుగుల బల్ల మీద మళ్లీ ఆడటం ఎలా

1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర, గొల్లప్రోలు, చేబ్రోలు, చందుర్తి ఊళ్ల నడుమ పొలాల్లో ఇంగ్లీషు కంపెనీ సైన్యం, ఫ్రెంచి సైన్యం తలపడ్డాయి. ఇంగ్లీషు చరిత్రల్లో దీని పేరు కాండోర్. ఉత్తర సర్కారులు ఎవరివన్నది ఆ ఉదయమే చాలావరకు తేలిపోయింది. మిగిలింది 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడటంతో పూర్తయింది.

మినియేచర్ బొమ్మలతో ఆడటానికి మన నేల మీద ఇంతకన్నా అనువైన యుద్ధం దొరకడం కష్టం. సైన్యాలు చిన్నవి, మైదానం చదును. అసలు పోరు ఒక పూటలో ముగిసింది. మలుపు తిప్పిన సంఘటన ఒక చేను చుట్టూ, నాలుగైదు వందల అడుగుల జాగాలో జరిగింది. కాకపోతే ఒక చిక్కుంది. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడింది ఎదురుగా నిలబడ్డ దళం ఏదో తప్పుగా గుర్తుపట్టినందుకు. బల్ల ముందు కూర్చున్న ఆటగాడికి మాత్రం అన్నీ పైనుంచి కనిపిస్తాయి, పైగా కథ ముందే తెలుసు. అందుకే కింద చెప్పే కొలతలు, నియమాలు అన్నీ ఆ సందేహాన్ని ఫ్రెంచి ఆటగాడికి తిరిగి కల్పించడానికే. అది కుదరకపోతే బొమ్మలకు ఎంత అందంగా రంగులేసినా మీరు ఆడేది వేరే యుద్ధం.

ఆ ఉదయం ఏం జరిగింది

సర్కారుల్లో ఉన్న ఫ్రెంచి సేనాని బుస్సీని ఫ్రెంచివాళ్ల పై అధికారి లాలీ వెనక్కి పిలిపించుకున్నాక విజయనగరం రాజు ఆనంద గజపతి ఫ్రెంచివాళ్ల మీద తిరగబడి, ఇంగ్లీషువాళ్ల సాయం కోరాడు. క్లైవ్ బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ను ఓడల్లో విశాఖపట్నం పంపాడు. ఫోర్డ్ వెంట సుమారు 470 మంది యూరోపియన్లు, 1,900 మంది సిపాయిలు, 6 ఫిరంగులు ఉన్నాయి. రాజు పక్షాన 5,000 మంది కాల్బలం ఉన్నా ఎక్కువమంది చేతుల్లో ఈటెలూ విల్లంబులే. 500 గుర్రాలు, యూరోపియన్లే నడిపే 4 ఫిరంగులు కూడా ఉన్నాయి. కాన్‌ఫ్లాన్స్ దగ్గర 500 మంది యూరోపియన్లు, 500 గుర్రాలు, 6,000 మంది దాకా సిపాయిలు, 30 పైచిలుకు ఫిరంగులు ఉన్నట్టు చెబుతారు.

తెల్లవారకముందే ఫోర్డ్ దళాలను చందుర్తి వైపు కదిపాడు. కాన్‌ఫ్లాన్స్ అది వెనకడుగు అనుకుని వెంటపడ్డాడు. ఇంగ్లీషు వరుస ఆగిన చోట నడిమధ్య ఏపుగా పెరిగిన చేను ఒకటి ఉంది. యూరోపియన్ పటాలం దాని చాటున పడింది. ఎడమ పక్క సిపాయిలు మాత్రం బయటికి కనిపిస్తున్నారు, వాళ్ల ఒంటిమీద ఎర్ర కోట్లున్నాయి. బెంగాల్ సిపాయిలకు క్లైవ్ ఎర్ర కోట్లు తొడిగింది 1757లోనే కాబట్టి సర్కారు జిల్లాల్లోని ఫ్రెంచివాళ్లకు అది కొత్త. ఎర్ర కోటు కనబడితే యూరోపియనే అనుకుని ఫ్రెంచి పటాలం పక్కకు ఒరిగి వాళ్ల మీద పడింది. సిపాయిలు చెదిరారు. ఫ్రెంచివాళ్లు వరుస తప్పి తరమసాగారు. ఫోర్డ్ తన యూరోపియన్లను ఎడమకు తిప్పి, కంపెనీ తర్వాత కంపెనీగా వాళ్ల పక్కటెముకల్లోకి కాల్పించాడు. ఫ్రెంచి పటాలం విరిగి వెనక ఉన్న తమ ఫిరంగుల వైపు పరుగెత్తింది, ఇంగ్లీషువాళ్లు వెన్నంటి వెళ్లి ఆ ఫిరంగులనూ పట్టుకున్నారు. కుడివైపు కెప్టెన్ నాక్స్ సిపాయిలు పొలం గట్ల చాటున నిలబడి అంతసేపూ ఎదుటివాళ్లను ఆపారు. రాజు బలగం చాలావరకు ఒక ఎండిన చెరువు గుంటలో ఉండిపోయింది. కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి రాజమండ్రి దారి పట్టాడు.

చేను ఏ పంటదన్న ప్రశ్న బొమ్మలు చేసేవాళ్లకు తప్పక వస్తుంది. ఇంగ్లీషు కథనాల్లో ‘ఇండియన్ కార్న్’ అని ఉంటుంది. ఇప్పటి అర్థంలో మొక్కజొన్న అనుకుని కంకులు చెక్కుతూ కూర్చోకండి. ఆ కాలంలో, ఆ నేలలో, మనిషిని దాచేంత ఎత్తు పైరంటే జొన్న అనుకోవడమే సబబు.

స్కేలు, లెక్క

15 మి.మీ. బొమ్మలు తీసుకోండి. 28 మి.మీ. బొమ్మలు చూపుకు గొప్పగా ఉంటాయి గానీ ఇంతమంది సిపాయిలకు పదడుగుల బల్ల కావాలి. 6 మి.మీ.లో పటాలం పటాలంలాగే కనిపిస్తుంది కానీ ఎవరిది ఎర్ర కోటో రెండడుగుల దూరం నుంచి తెలియదు. ఈ యుద్ధంలో కోటు రంగు తెలియకపోతే అసలు విషయమే పోతుంది.

నేల కొలత 1 సెం.మీ.కి 5 మీటర్లు. 180 × 120 సెం.మీ. బల్ల, అంటే 6 × 4 అడుగులు, 900 × 600 మీటర్ల మైదానమవుతుంది. ఒక బొమ్మ 20 మందికి గుర్తు. 40 మి.మీ. వెడల్పు, 30 మి.మీ. లోతు ఉన్న బేస్ (బొమ్మలు అంటించే పలక) మీద ముగ్గురు చొప్పున రెండు వరుసల్లో ఆరు బొమ్మలు నిలుస్తాయి. అంటే ఒక బేస్ 120 మంది. మూడు వరుసల్లో నిలిచిన 120 మంది దాదాపు 20 మీటర్ల జాగా పడతారు, బేస్ వెడల్పు 4 సెం.మీ. కూడా అంతే. ఇలా లెక్క కలిస్తే తుపాకి దూరం, వరుస పొడవు, చేను వెడల్పు ఒకదానితో ఒకటి అతుకుతాయి. చాలామంది ఇక్కడే తొందరపడతారు: బొమ్మలు ముందు కొనేసి, బేస్ తర్వాత చూసుకుందాం అనుకుంటారు. చివరికి తుపాకి గుండు పటాలం వెడల్పులో పావు వంతు దూరం కూడా పోని ఆట తయారవుతుంది.

ఇంగ్లీషు పక్షం: యూరోపియన్లకు 4 బేస్‌లు, సిపాయిలకు 16. సిపాయి పటాలాలు రెండిటినీ సగానికి విడదీసి 4 బేస్‌ల చొప్పున నాలుగు దళాలు చేయండి. అప్పుడు ఎర్ర కోటు దళాలు మొత్తం ఐదు, అన్నీ 16 సెం.మీ. వెడల్పే. పరిమాణాన్ని బట్టి ఏది ఏదో పసిగట్టే వీలు లేకుండా ఉండటానికే ఈ విభజన. ఒక ఫిరంగి బొమ్మ మూడు ఫిరంగులకు లెక్క కాబట్టి రెండు బొమ్మలు, ఒక్కోదానికి నలుగురు గోలందాజులు (ఫిరంగి పేల్చేవాళ్లు).

రాజు పక్షం: 4 బొమ్మల చొప్పున 12 బేస్‌ల కాల్బలం (6 చొప్పున రెండు దళాలు), 3 గుర్రాల చొప్పున 4 బేస్‌లు, ఒక ఫిరంగి. ఇక్కడ తల లెక్క పాటించనక్కర్లేదు, గుంపు గుంపులా కనిపిస్తే చాలు.

ఫ్రెంచి పక్షం: యూరోపియన్లకు 4 బేస్‌లు, గుర్రాలకు 4. ముందుకు తెచ్చిన 13 ఫిరంగులకు 4 బొమ్మలు. సిపాయిలకు 120 చొప్పున లెక్కేస్తే 50 బేస్‌లు కావాలి. 30 చాలు, ఆరేసి బేస్‌లతో ఐదు దళాలు. వాళ్లు లోతుగా నిలిచారనుకోండి. అన్నీ పెడితే బల్ల అంచు నుంచి అంచుకు గోడ కట్టినట్టయి ఎవరూ పక్కకు ఒరగలేరు. ఫ్రెంచి పటాలం ఒరగడమే కదా మనకు కావాల్సింది.

సేనానులు నలుగురితో కలిపి మనుషుల బొమ్మలు 428, ఫిరంగులు 7. కొత్తవాళ్లు ఈ అంకె చూసి బెదరకండి. ముందు ఐదు ఎర్ర దళాలు, ఫ్రెంచి యూరోపియన్లు, రెండు ఫ్రెంచి సిపాయి దళాలు, రెండు వైపులా కొన్ని ఫిరంగులు సిద్ధం చేసి ఎడమ పార్శ్వం ఒక్కటే ఆడవచ్చు. యుద్ధం గుండెకాయ అంతా అక్కడే ఉంది.

బొమ్మలు, రంగులు

చందుర్తి కోసమే పోతపోసిన బొమ్మలు వెతుక్కోవద్దు. ఏడేళ్ల యుద్ధం నాటి మూడు మూలల టోపీ యూరోపియన్ కాల్బలం రెండు పక్షాలకూ సరిపోతుంది. సిపాయిల విషయంలో జాగ్రత్త: 1799 శ్రీరంగపట్నం నాటి సిపాయి బొమ్మలు దొరకడం తేలిక, కానీ వాటి టోపీలు, కోట్ల కత్తిరింపు వేరు. తలపాగా, పొట్టి కోటు, మోకాళ్ల పైదాకా చల్లడం (పొట్టి లాగు), కింద ఉత్త కాళ్లు, ఇలాంటి బొమ్మలు ఎంచుకోండి. లోహపు బొమ్మలు ఖరీదనిపిస్తే రెసిన్ త్రీడీ ప్రింటింగ్ చేసిపెట్టేవాళ్లను పట్టుకోండి. అదీ వద్దంటే 220 జీఎస్ఎమ్ కార్డు మీద ముద్రించిన కాగితం బొమ్మలు. నియమాలు మూడింటికీ ఒకటే.

లోహమైనా రెసినైనా ముందు గిన్నెలు తోమే ద్రవం కలిపిన గోరువెచ్చని నీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టాలి. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు ఉంటే రంగు పొరలుగా ఊడుతుంది. స్ప్రే ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) వాడేవాళ్లు తేమ చూసుకోవాలి. కోస్తాలో ఉక్కబోత రోజున డబ్బా నొక్కితే ప్రైమర్ బొమ్మ మీద ఇసుక చల్లినట్టు గరుకుగా కూర్చుంటుంది. ఆ గరుకు మీద ముఖాలు రావు. పొడి ఎండ ఉన్న పూట, 25 సెం.మీ. దూరం నుంచి, చిన్న చిన్న విదిలింపులతో వేయండి. వానాకాలమైతే కుంచెతో పూసే ప్రైమరే మేలు.

ఎరుపు మొండి రంగు. నల్ల ప్రైమర్ మీద నాలుగు పూతలేసినా మట్టి రంగులోనే ఉంటుంది. ముందు ఇటుక రంగు లేదా ముదురు గులాబీ ఒక పూత వేసి, దాని మీద నీళ్లు కలిపిన ఎరుపు రెండు పూతలు వేస్తే నిండుగా నిలుస్తుంది. స్టేషనరీ కొట్లో దొరికే ఆక్రిలిక్ రంగులు చాలు. పాల చిక్కదనానికి పలచన చేసుకోండి. సిపాయి కోట్లకూ ఇంగ్లీషు యూరోపియన్ల కోట్లకూ ఒకే ఎరుపు, ఒకే డబ్బాలోది వాడాలి. ఇందులో రాజీ వద్దు. సిపాయిలకు కొంచెం వెలిసిన ఎరుపు వేస్తే అందంగా ఉంటుందని ఎవరికైనా తోస్తుంది, కానీ ఆ తేడా బల్ల మీద ఇట్టే పట్టిస్తుంది. ఫ్రెంచి యూరోపియన్లకు తెలుపు వేయండి, ఎరుపుకు ఎదురుగా స్పష్టంగా కనిపిస్తారు. ఉత్త తెలుపు బదులు లేత బూడిద రంగు మీద తెలుపు తడిమితే మడతలు తేలతాయి. ఫ్రెంచి సిపాయిలకు తెల్ల, గోధుమ బట్టలు, రంగురంగుల తలపాగాలు. 24 బొమ్మలు ఒక దఫాగా పెట్టుకుని అన్నిటికీ ఒళ్లు, అన్నిటికీ కోటు, అన్నిటికీ పటకా అని వరసగా పోవాలి. ఒక్కో బొమ్మను పూర్తిచేసుకుంటూ పోతే నాలుగో దఫాకు విసుగొస్తుంది, ఐదో దఫాలో రంగు తేడా కూడా వస్తుంది.

బేస్‌లకు 2 మి.మీ. ఎండీఎఫ్. లేజర్ కటింగ్ చేసే కొట్లో 40 × 30 కొలతతో 90 ముక్కలు కోయించుకోండి. అవసరం 81, మిగతావి చేయి జారిన వాటికి. అడుగున మ్యాగ్నెట్ షీట్ అంటిస్తే రేకు మిఠాయి డబ్బాల్లో కదలకుండా ఉంటాయి. సన్‌బోర్డు వాడకండి. లోహపు బొమ్మల బరువుకు వంగుతుంది, ఫెవికాల్ తడికి విల్లులా లేస్తుంది.

నేల తయారీ

ఇందులో ముఖ్యమైనది జొన్నచేను. కొబ్బరి పీచు డోర్‌మ్యాట్ ఒకటి కొనండి, వెనక పీవీసీ అంటించినది. పీచు 15 నుంచి 20 మి.మీ. ఎత్తుంటుంది. 15 మి.మీ. బొమ్మల పక్కన అది సరిగ్గా ఆరు, ఏడడుగుల పైరులా నిలుస్తుంది. వెనక వైపు నుంచి కట్టర్‌తో గీసి, 40 × 5 సెం.మీ. పట్టీలు మూడు కోయండి. మూడూ పక్కపక్కన పెడితే 40 × 15 చేను. దళం లోపలికి పోయినప్పుడు మధ్య పట్టీ తీసేసి బొమ్మలు పెట్టుకోవచ్చు. పీచు మీద బేస్ నిలబడదు కాబట్టి పట్టీలు తప్పవు. కోసిన అంచుల్లోంచి పీచు రాలుతూనే ఉంటుంది. అంచుల వెంట సగానికి సగం నీళ్లు కలిపిన ఫెవికాల్ పూసి ఒక రాత్రి వదిలేస్తే ఆగిపోతుంది. పైకొసల మీద లేత పసుపు, ఆకుపచ్చ పొడి కుంచెతో తడిమితే డోర్‌మ్యాట్ అన్న సంగతి మరుగున పడుతుంది.

మిగతా నేల డిసెంబరు నేల: ఆకుపచ్చ తక్కువ, గోధుమ రంగు ఎక్కువ, కోసిన మళ్లు. పాత దుప్పటి మీద ఫెవికాల్, సన్న ఇసుక, గోధుమ రంగు కలిపి పూస్తే చుట్టిపెట్టుకోగల మైదానం అవుతుంది. పొలం గట్లకు వేలు మందం తాడు తీసుకుని మట్టి రంగు ఫెవికాల్‌లో ముంచి ఆరబెట్టండి. 20 సెం.మీ. ముక్కలు ఆరు చాలు. చెరువుకు గుంట తవ్వనక్కర్లేదు. థర్మోకోల్‌తో గుర్రపు నాడా ఆకారంలో 2 సెం.మీ. ఎత్తు గట్టు చేసి ఇంగ్లీషు వెనక కుడి మూలన పెట్టండి. థర్మోకోల్ మీద స్ప్రే రంగు కొడితే అది కళ్లముందే కరిగి గుంటలు పడుతుంది. ముందు ఫెవికాల్‌తో కాగితం అంటించి, ఆ పైన కుంచెతో రంగు వేయాలి. చందుర్తి ఊరికి ఆరేడు తాటాకు గుడిసెలు, పది తాడిచెట్లు. చెట్టు కాండానికి కబాబ్ పుల్లలు, మట్టలకు అట్టముక్క సన్నగా చీల్చి వాడొచ్చు.

అమరిక

చేను బల్ల మధ్యలో, ఇంగ్లీషు అంచుకు 35 సెం.మీ. దూరంలో ఉండాలి. ఊరు వెనక ఎడమ మూలన, గట్లు కుడిపక్క ముందు. ఫ్రెంచి వరుస తమ అంచు నుంచి 15 సెం.మీ. లోపల: మధ్యలో యూరోపియన్లు, వాళ్లకు రెండు పక్కలా రెండేసి ఫిరంగులు, ఇరువైపులా రెండేసి సిపాయి దళాలు, ఎడమ కొసన గుర్రాలు. ఐదో సిపాయి దళం వెనక ఉంటుంది.

ఇంగ్లీషు ఆటగాడు బొమ్మలు పెట్టడు. 16 × 3 సెం.మీ. ఎర్ర అట్టలు ఆరు పెడతాడు. ఒక్కోదాని అడుగున ఒక పేరు రాసి ఉంటుంది. ఐదు నిజమైన దళాలు, ఆరోది ఖాళీ. చేను వెనక కనీసం ఒకటి ఉండాలి, మిగతావి వరుసలో ఎక్కడైనా పెట్టొచ్చు. అట్ట కింద ఏముందో ఫ్రెంచి ఆటగాడికి తెలిసేది మూడు సందర్భాల్లోనే: అది కాల్చినప్పుడు, తన దళం 20 సెం.మీ. లోపలికి వచ్చి అడ్డేమీ లేనప్పుడు, చేలోంచి చూస్తుంటే 5 సెం.మీ. లోపలికి వచ్చినప్పుడు. 20 సెం.మీ. లోపల కూడా తెలిసేది ‘ఎర్ర కోట్ల దళం’ అన్నంతవరకే. బొమ్మలు అప్పుడు పెట్టాలి, కానీ సిపాయా యూరోపియనా అన్నది చెప్పకూడదు. ఇందుకోసం ఐదు ఎర్ర దళాల ముందు వరుసలో మాత్రం ఒకే రకం బొమ్మలు పెట్టి రెండు సెట్లు చేసుకునేవాళ్లూ ఉన్నారు. అంత శ్రమ వద్దనుకుంటే అట్టనే కాల్పులదాకా ఉంచండి.

యూరోపియన్ దళాన్ని చేనుకు ఆనించి పెట్టకూడదు. చేను వెనక అంచుకు 9 సెం.మీ. వదలాలి. 16 సెం.మీ. వరుస నడుము మీద తిరిగితే సగం, అంటే 8 సెం.మీ., ముందుకు వస్తుంది. ఆ జాగా లేకపోతే దళం చేలో చిక్కుకుని వరుస తప్పుతుంది, కాల్పులు సగమైపోతాయి. ఆట మొత్తం ఈ 9 సెం.మీ. మీద ఆధారపడుతుందంటే అతిశయోక్తి కాదు.

నియమాలు

ఒక టర్న్ కొద్ది నిమిషాల కాలం, మొత్తం 10 టర్న్‌లు. ముందు ఫ్రెంచి కదలిక, తర్వాత ఇంగ్లీషు కదలిక, ఆపైన ఇద్దరి కాల్పులూ ఒకేసారి, తర్వాత దాడులు, చివర ధైర్య పరీక్షలు. దాడికి గురైనవాళ్లు ఆ టర్న్‌లో కాల్చకుండా ఉంటే, శత్రువు మీదపడే ముందు ఒకసారి కాల్చవచ్చు.

కదలిక: వరుసగా నిలిచిన కాల్బలం 15 సెం.మీ., గుర్రాలు 35, చేతులతో తోసే ఫిరంగులు 8. చేలో సగం, పైగా వరుస తప్పుతుంది. గట్టు దాటితే 3 సెం.మీ. తగ్గుతుంది. నడుము మీద 90 డిగ్రీలు తిరగడం యూరోపియన్లకు ఒక పూర్తి కదలిక, సిపాయిలకు రెండు. వరుస తప్పిన దళం ఒక టర్న్ కదలకుండా నిలబడితే సర్దుకుంటుంది.

కాల్పులు: బేస్‌కు ఒక పాచిక, ఎదురుగా శత్రువున్న బేస్‌లకు, వాటికి అటూ ఇటూ ఒక్కో బేస్‌కు మాత్రమే. దూరం 20 సెం.మీ., అందులో 10 లోపు దగ్గర కిందికి వస్తుంది. యూరోపియన్లకు దగ్గరలో 4 లేదా పైన పడాలి, దూరంలో 5. సిపాయిలకు దగ్గరలో 5, దూరంలో 6. యూరోపియన్ దళం ఆటలో మొదటిసారి కాల్చినప్పుడు పాచిక మీద 1 కలుపుకోవాలి, ఎందుకంటే నింపాదిగా నింపిన తొలి తూటా విలువ వేరు. పక్కనుంచి కాల్చితే పాచికలు రెట్టింపు. వరుస తప్పి ఉంటే సగం. గట్టు చాటు లక్ష్యానికి 1 తగ్గించాలి. ఫిరంగి బొమ్మకు మూడు పాచికలు: 60 సెం.మీ. దాకా 6 పడాలి, 25 లోపు 4. రెండు దెబ్బలకు ఒక బేస్ పోతుంది.

ధైర్య పరీక్ష: ఆ టర్న్‌లో బేస్ పోయినా, దాడికి గురైనా, 15 సెం.మీ.లో సొంత దళం పారిపోయినా రెండు పాచికలు వేసి కూడాలి. యూరోపియన్లకు 5, ఇంగ్లీషు సిపాయిలకు 7, ఫ్రెంచి సిపాయిలకూ గుర్రాలకూ 8, రాజు బలగానికి 9 రావాలి. పోయిన బేస్‌కు 1 చొప్పున, వరుస తప్పితే 1, యూరోపియన్లు మీదపడితే 1, పక్కనుంచి దెబ్బ తగిలితే 2 తగ్గుతాయి. సేనాని దగ్గరుంటే 1, గట్టు చాటుంటే 1 పెరుగుతాయి. ఒకటి, రెండు తక్కువైతే దళం వరుస తప్పి ఒక కదలిక వెనక్కి, మూడు తక్కువైతే పారిపోయినట్టే. ఇద్దరూ నిలబడితే చేయి చేయి: బేస్‌కు ఒక పాచిక, యూరోపియన్లకు 4, మిగతావాళ్లకు 5. ఎక్కువ దెబ్బలు తిన్నవాళ్లు వెనక్కి.

తరమడం: యూరోపియన్ దళం ఎదుటివాళ్లను విరగ్గొడితే ఒక పాచిక వేయాలి. సేనాని వెంట ఉంటే 1 కలుపుకోండి. 4 లేదా పైన వస్తే అదుపులో ఉన్నట్టు. లేదంటే పూర్తి కదలిక తరమాలి, వరుస తప్పుతుంది.

ఈ అంకెలు గాల్లోంచి తీసినవి కావు. ఎర్ర సిపాయిల మీద ఫ్రెంచి యూరోపియన్లు పడ్డారనుకోండి. ఒక బేస్ పోయి ఉంటే సిపాయిలకు 9 కావాలి, నాలుగింట మూడుసార్లు నిలబడలేరు. తర్వాత ఫ్రెంచివాళ్లు తరిమి వరుస తప్పుతారు. చేను వెనకనుంచి ఇంగ్లీషు యూరోపియన్లు పక్కకు తిరిగి దగ్గరనుంచి తొలి వాలీ (దళమంతా ఒకేసారి పేల్చడం) కాలిస్తే ఎనిమిది పాచికలు, 3 చాలు, సగటున ఐదు దెబ్బలు, రెండు బేస్‌లు. ఫ్రెంచివాళ్లకు 5 కాదు, 10 కావాలి. ఆరింట ఒక్కసారే నిలుస్తారు. అంటే చరిత్ర చాలాసార్లు తనంతట తానే జరుగుతుంది, ఒక్కోసారి జరగదు. ఇంగ్లీషు ఆటగాడు అట్టలు తప్పు చోట పెడితే అసలు జరగదు.

రాజు బలగాన్ని ఆటగాడికి ఇవ్వకండి. అది చెరువు గుంటలోనే ఉంటుంది. ప్రతి టర్న్ ఒక పాచిక వేయాలి, 6 పడితే కదులుతుంది. ఫ్రెంచి యూరోపియన్లు విరిగాక 4 చాలు. ఫిరంగి మాత్రం మొదటినుంచీ ఇంగ్లీషువాళ్ల కింద ఉంటుంది.

గెలుపు: 10 టర్న్‌ల లోపల ఫ్రెంచి యూరోపియన్లను తరిమేసి రెండు ఫిరంగి బొమ్మలు పట్టుకుంటే ఇంగ్లీషుది. ఐదు ఎర్ర దళాల్లో మూడు పారిపోయినా, ఫ్రెంచి యూరోపియన్లు చందుర్తి గుడిసెల దాకా చేరినా ఫ్రెంచివాళ్లది. రెండూ కాకపోతే ఎవరికీ కాదు.

ఎక్కడ తేడా కొడుతుంది

మొదట చెడిపోయేది ఫ్రెంచి ఆటగాడి ఓపిక వల్ల. తెలివైనవాడు కదలకుండా కూర్చుని, నాలుగు ఫిరంగులతో అట్టలను ఒక్కొక్కటే దంచుతాడు. కాన్‌ఫ్లాన్స్ అలా చేయలేదు, శత్రువు వెనక్కి పోతున్నాడనుకున్నాడు కనుక. అందుకే మొదటి మూడు టర్న్‌లు ఫ్రెంచి కాల్బలం తప్పనిసరిగా సగం కదలికైనా ముందుకు రావాలని పెట్టండి. అప్పుడు ఇంకో సంగతి కూడా దానికదే కుదురుతుంది. పదాతులు పూర్తి వేగంతో వస్తే మూడు టర్న్‌ల్లో 45 సెం.మీ. వస్తారు, ఫిరంగులు 24 దగ్గరే ఆగుతాయి. పటాలానికి, దాని ఫిరంగులకు మధ్య ఎడం పడుతుంది. విరిగిన ఫ్రెంచివాళ్లు ఆ ఎడం దాటే పరుగెత్తాల్సి వచ్చింది.

రెండోది, చరిత్ర తెలిసిన ఫ్రెంచి ఆటగాడు నేరుగా చేను మీదికే వస్తాడు. దానికి మందు ఇంగ్లీషు ఆటగాడి దగ్గరే ఉంది: యూరోపియన్లను చేను వెనక పెట్టాలన్న నియమం లేదు. ఖాళీ అట్ట అక్కడ పెట్టి, అసలు దళాన్ని ఎడమ కొసన ఉంచొచ్చు. ఇంకా పదునుగా కావాలంటే మ్యాపును అద్దంలో చూసినట్టు తిప్పి, ఊళ్ల పేర్లు మార్చి, యుద్ధం పేరు చెప్పకుండా ఆడించండి. చేను ఉందంటే ఏదో ఉందన్న అనుమానం ఉంటుంది గానీ ఎటువైపో తెలియదు.

మూడోది గుర్రాలు. రెండు పక్షాల్లోనూ ఆ రోజు గుర్రాలు పెద్దగా చేసిందేమీ లేదు. ఆటలో మాత్రం 35 సెం.మీ. కదిలేవి కనుక పార్శ్వాలు చుట్టుముట్టడానికి వాడేస్తారు. వరుస చెదరని కాల్బలం మీదికి ఎదురుగా గుర్రాలు దాడి చేయకూడదన్న నియమం ఒక్కటి చాలు.

నలుగురు ఆటగాళ్లు, ఒక మధ్యవర్తి ఉంటే బాగుంటుంది: ఫోర్డ్, నాక్స్, కాన్‌ఫ్లాన్స్, ఫ్రెంచి ఎడమ పార్శ్వం. ఒకే పక్షం వాళ్లు టర్న్‌కు ఒక చీటీ మాత్రమే మధ్యవర్తి ద్వారా పంపుకోవాలి, చీటీ తర్వాతి టర్న్‌లో చేరుతుంది. రాజు తరఫు పాచిక మధ్యవర్తిదే. నియమాలు తెలిసినవాళ్లకు మూడు గంటలు పడుతుంది, కొత్తవాళ్లకు నాలుగు.

మొదటి ఆట అయ్యాక పక్షాలు మార్చుకుని ఇంకోసారి ఆడండి. రెండు ఆటల్లోనూ ఫ్రెంచివాళ్లే తేలిగ్గా గెలిస్తే ఫిరంగుల పాచికలు మూడు నుంచి రెండుకు తగ్గించండి. ఇంగ్లీషువాళ్లే గెలుస్తుంటే తొలి వాలీకి కలిపే 1 తీసేయండి. ధైర్యం అంకెల జోలికి మాత్రం పోవద్దు, అవి ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఒకటి కదిపితే కుడివైపు గట్ల దగ్గర నాక్స్ సిపాయిలు నిలవడం కూడా మారిపోతుంది.